అంకెలు వ్రాయు చేయి

ఒక మనుష్యుని భవిష్యత్తును వ్రాయు అధికారము మరియొక మనుష్యుని చేతికి దొరికినయెడల, దానిని అతడెట్లు వినియోగింపవలెను? ఈ ప్రశ్న రాజులకును న్యాయాధిపతులకును మాత్రమే చెందినదని అనేకులు తలంతురు. కాని నేడు రాత్రి భోజనమైన పిమ్మట వినోదార్థము కంప్యూటరు ముందు కూర్చుండు సామాన్యునికి సయితము ఇది యెదురగుచున్నది. అతడు దానిని ప్రశ్నగా గుర్తింపకపోవచ్చును. గుర్తింపనంత మాత్రమున అది తొలగిపోదు. అమెరికా దేశపు బేస్‌బాల్ వీడియో ఆటలలో, జట్లలో చేరుటకు సిద్ధముగానున్న కల్పిత యువకులను తన యిష్టము చొప్పున మలచుకొను అవకాశమొకటి ఆడించువానికి ఇయ్యబడినది. చూచుటకు ఇది మిక్కిలి స్వల్పమైన సంగతి. ఈ స్వల్పమైన సంగతిలో ఆ గొప్ప ప్రశ్న యెట్లు దాగియున్నదో విచారించుట ప్రయోజనకరము.

బేస్‌బాల్ కూడ క్రికెట్టువలె బంతితోను కర్రతోను ఆడునట్టిదే. పిచ్చరు అనబడువాడు బంతిని విసరును. ఎదుట నిలిచినవాడు గుండ్రని కర్రతో దానిని కొట్టును. అతని వెనుక క్యాచరు కూర్చుండి బంతిని అందుకొనును. కొట్టిన బంతి మైదానపు గోడను దాటి పడినయెడల అది హోంరన్ అగును. అచ్చటి ప్రధాన లీగులో 30 జట్లు కలవు. ఉన్నత పాఠశాలలనుండియు కళాశాలలనుండియు వచ్చు యువకులను ఈ జట్లు ప్రతి సంవత్సరము వరుసగా ఎన్నుకొనును. ఈ పద్ధతికే డ్రాఫ్టు అని పేరు. ఇది 1965 జూన్ నెలలో ఆరంభమైనది. ధనముగల జట్లే శ్రేష్ఠులైన యువకులనందరిని కొనివేయకుండునట్లు, ఓటములెక్కువగా పొందిన జట్లకు ముందుగా ఎన్నుకొను హక్కు ఇయ్యబడెను. 2023 డ్రాఫ్టు మొదలుకొని మొదటి ఆరు స్థానములను చీట్లు తీసి నిర్ణయించుచున్నారు. 2021 మొదలుకొని ఎంపిక 20 దఫాలలో ముగియుచున్నది. పూర్వము అరువదికి మించి సాగిన సంవత్సరములును కలవు. ఈ పద్ధతిలో గమనింపదగినదేమనగా, జట్టు యువకుని ఎన్నుకొనును గాని యువకుడు జట్టును ఎన్నుకొనడు.

ఎవరిని ఎన్నుకొనవలెనో తెలియుటకు జట్లు స్కౌట్లు అను పరిశీలకులను ఊరూరికి పంపును. కొట్టుట, బలము, పరుగు, బంతిని ఆపుట, బంతిని విసరుట అను ఐదు సామర్థ్యములను ఈ పరిశీలకులు 20 మొదలు 80 వరకుగల అంకెలతో కొలతురు. 50 అనగా ప్రధాన లీగులో సామాన్యమైన స్థాయి; 80 అనగా తరమునకు కొందరియందే కనబడు శ్రేష్ఠత. ప్రతి సామర్థ్యమునకును రెండేసి అంకెలు వ్రాయుదురు. మొదటిది నేడున్న స్థితి. రెండవది రేపు కాగల స్థితి. మొదటి అంకెను కన్నులు చెప్పును. రెండవదానిని చెప్పుటకు కన్నులు చాలవు. అయినను వ్రాయక తప్పదు. ఏలయనగా ధనము ఖర్చగుట రెండవ అంకెను నమ్మియే.

ఈ సమస్తమును వీడియో ఆటలు అనుకరించుచున్నవి. 2006 నుండి సోనీ సంస్థవారి శాండియాగో స్టూడియో వెలువరించుచున్న 'ఎం.ఎల్.బి. ద షో' అను ఆటలో ఫ్రాంచైజీ అను విభాగము కలదు. అందు ఆడించువాడు బంతిని కొట్టుటతో తృప్తిపడక, ఒక జట్టు బాధ్యత వహించి అనేక సంవత్సరములు దానిని నడుపును. జర్మనీ దేశస్థుడైన మార్కస్ హైన్‌సాన్ రూపొందించిన 'ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్' ఇంకను లోతైనది. అందు చిత్రములకంటె పట్టికలును అంకెలును ప్రధానములు.

ఇట్టి ఆటలలో ప్రతి సంవత్సరమును డ్రాఫ్టు వచ్చును. నిజమైన క్రీడాకారులు ఆటలో ముదిసి విరమింతురు గనుక, వారి స్థానములను నింపుటకు యంత్రము క్రొత్త యువకులను పుట్టించును. పేరు, ఎత్తు, బరువు, కుడిచేతివాటమో ఎడమచేతివాటమో, అన్నియు యంత్రమే సమకూర్చును. ఇరువది ముప్పది ఆట సంవత్సరములు గడచిన పిమ్మట ఆ లీగులో భూమిమీద పుట్టినవాడొక్కడును మిగులడు, అందరును పుట్టింపబడినవారే. ఇక్కడనే ఆడించువానికి విశేషాధికారము లభించుచున్నది. 'ఔట్ ఆఫ్ ద పార్క్'లో దీనికి కమీషనర్ మోడ్ అని పేరు. ఈ అధికారము వహించినవాడు ఏ యువకుని పుటనైనను తెరచి పేరు మార్చవచ్చును. 40 అని యున్నచోట 75 అని వ్రాయవచ్చును. ఎవరి అనుమతియు అక్కరలేదు. వ్రాసినదానికి సాక్షియు ఉండడు.

దీనియందు నీతి ప్రశ్న యేమున్నదని కొందరు అడుగవచ్చును. ఈ యడుగుట న్యాయమైనదే. ఆ యువకులు లేరు. వారికి తల్లి లేదు, ఆకలి లేదు, నొప్పి లేదు. 75ను 40గా మార్చినయెడల వారిలో ఎవడును ఏడువడు. ఒంటరిగా ఆడుకొనువాడు తన కాగితముమీద తాను గీసిన బొమ్మను చెరిపివేయుట ఎవరికిని అపకారము కాదు. పిల్లలు మట్టితో ఎద్దులను చేసి, ఒకదానికి పెద్ద కొమ్ములు పెట్టి, ఒకదానిని విరుగగొట్టుదురు. దానిని ఎవరును పాపమని యెంచరు. పనిచేసి అలసినవానికి ఈ వినోదము విశ్రాంతినిచ్చుచున్నదన్నదియు సత్యము. పైగా ఊరుపేరు లేని యువకునికి ఒక ఊరును పేరును కల్పించి, అతని వృద్ధిని చూచి సంతోషించుటలో ఒక విధమైన దయయు కలదు. కావున ఈ ఆటను నిందించుట ఇచ్చటి ఉద్దేశము కాదు.

విచారింపవలసినది మరియొకటి కలదు. ఆటలోని అంకెయు లోకములోని అంకెయు చూచుటకు ఒకటే. రెండును 20 మొదలు 80 వరకు నడచును. రెండును ఒకే పేర్లతో పిలువబడును. కాని వాటి స్వభావములు పరస్పర విరుద్ధములు. లోకములో యువకుడు ముందు, అంకె వెనుక. అతడు బంతిని కొట్టెను గనుక పరిశీలకుడు 60 అని వ్రాసెను. ఆటలో అంకె ముందు, యువకుడు వెనుక. 60 అని వ్రాయబడెను గనుక అతడు బంతిని కొట్టుచున్నాడు. లోకములో అంకె ఒక అభిప్రాయము. ఆటలో అంకె ఒక ఆజ్ఞ. ఒకచోట అది కొలుచుట. మరియొకచోట అది వ్రాయుట. ఈ రెంటికిని గల భేదమును మరచుటయే ఈ విషయములోని అపాయము. అది ఆటలోని యువకునికి కాదు, ఆట ముగించి లేచినవాని యింటిలోనున్న యువకునికి అపాయము.

ఈ అధికారమును పొందినవారు ముఖ్యముగా మూడు విధములుగా ప్రవర్తింతురు.

మొదటివాడు తన జట్టు గెలువవలెనని కోరి, తనకు రానున్న యువకునికి అన్నిటను 80 వ్రాయును. అతడు కోరిన విజయము అతనికి లభించును. ఒక ఆట సంవత్సరము, రెండు సంవత్సరములు అతడు సంతోషించును. పిమ్మట ఆ సంతోషము ఎందుచేతనో చప్పబడును. ఓడిపోవుటకు వీలులేని చోట గెలుపునకు రుచి లేదు. ఆ యువకుడు కొట్టిన ప్రతి హోంరన్‌లోను ఆడించువాడు తన చేవ్రాతనే చూచును. బొమ్మ నోట తన మాటలే పలికించుకొని విని ఆనందించువాని స్థితి యిది. ఇతని దోషము మోసము కాదు, ఎవరిని మోసగించెను గనుక? ఇతనికి కలిగినది నష్టము. ఆశ్చర్యపడు భాగ్యమును ఇతడు స్వహస్తముతో పోగొట్టుకొనెను.

రెండవవాడు న్యాయశీలుడు. యంత్రము పుట్టించిన కల్పిత నామములు అతనికి రుచింపవు. ఆ సంవత్సరము నిజముగా కళాశాలలలో ఆడుచున్న యువకుల పేర్లను చేర్చి, పత్రికలు ప్రకటించిన అంచనాల ప్రకారము ఒక్కొక్కనికి అంకెలు వేయును. పక్షపాతము చూపడు. అనేకులకు 40, 45 వ్రాసి, కొద్దిమందికే 60 దాటనిచ్చును. దీనికి రాత్రులకు రాత్రులు శ్రమపడును. ఇతని శ్రద్ధ మెచ్చదగినది. అయితే ఇతడు తెలియకయే ఒక కార్యము చేయుచున్నాడు: సజీవుడైన ఒక యువకునిగూర్చి ఎవరో వ్రాసిన అభిప్రాయమును తీసికొని, దానిని ఆజ్ఞగా మార్చుచున్నాడు. పత్రికలో "బహుశః ఇంతవాడు కాగలడు" అని యున్నది. ఇతని పట్టికలో "ఇంతవాడే" అని యున్నది. "బహుశః" అను మాట పట్టికలోనికి వచ్చుసరికి రాలిపోయినది.

మూడవవాని సంగతి చెప్పుటకు ముందు, ఆ రాలిపోయిన మాటకు బేస్‌బాల్ చరిత్రలో ఎంత విలువ గలదో చూడవలెను.

1966 డ్రాఫ్టులో న్యూయార్కు మెట్స్ జట్టు అందరికంటె ముందుగా స్టీవ్ చిల్‌కాట్ అను క్యాచరును ఎన్నుకొనెను. రెండవ ఎంపికగా కాన్సాస్ సిటీ జట్టు రెజీ జాక్సన్‌ను తీసికొనెను. జాక్సన్ 563 హోంరన్లు కొట్టి, 1993లో ఆ క్రీడయొక్క ప్రఖ్యాతుల మందిరమున స్థానము పొందెను. చిల్‌కాట్ గాయపడి, ప్రధాన లీగులో ఒక్క దినమైనను ఆడకయే క్రీడను విడిచెను. అతనిని ఎన్నుకొన్నవారు మూఢులు కారు. వారు చూచిన సామర్థ్యము అబద్ధమును కాదు. రానున్న గాయము ఏ పట్టికలోను లేదు, అంతే.

1999లో ఆల్బర్ట్ పూహోల్స్ అను యువకుని సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు 13వ దఫాలో తీసికొనెను. అతనిది 402వ స్థానము. అనగా అతనికి ముందు 401 పర్యాయములు ఏదో ఒక జట్టు అతనిని విడిచి మరియొకనిని కోరుకొనెను. ఆ యువకుడు 2022లో విరమించునాటికి 703 హోంరన్లు కొట్టియుండెను. ఆ క్రీడాచరిత్రలో 700 దాటినవారు అతనితోకూడ నలుగురే.

మార్క్ అపెల్ చరిత్ర మరియొక తీరున నడచినది. 2013లో హ్యూస్టన్ జట్టు అతనిని అందరిలో మొదటివానిగా ఎన్నుకొనెను. సంవత్సరములు గడచినను అతడు ప్రధాన లీగు చేరలేకపోయెను. 2018లో క్రీడనే విడిచెను. అతని పేరు విఫలమైన ఎంపికకు ఉదాహరణగా చెప్పబడసాగెను. అయితే 2021లో అతడు తిరిగి వచ్చి, 2022 జూన్ నెలలో, ముప్పదియేండ్ల వయస్సున, ఫిలడెల్ఫియా జట్టు పక్షమున ప్రధాన లీగు మైదానమున నిలిచి బంతి విసరెను. మొదట వ్రాసిన గొప్ప అంకెయు తుదిమాట కాలేదు. దాని వెనుక వ్రాసిన చిన్న అంకెయు తుదిమాట కాలేదు.

పూర్వపు స్కౌట్లు యువకుని అంకెలతోపాటు అతని ముఖమునుగూర్చియు మాటలాడుకొనెడివారు. మంచి ముఖమును కోరెడివారు. పొడవరియు సుందరుడునైన పెద్దకుమారుని చూచినంతనే ఇతడే తగినవాడని యెంచి, గొఱ్ఱెలను కాయుచున్న చిన్నవానిని పిలిపింపనైన తలంపని యెష్షయి యింటి వృత్తాంతము ఈ పాఠకులకు క్రొత్తది కాదు. కండ్లు చేసిన ఈ తప్పిదమును అంకెలు దిద్దునని ఆధునికులు నమ్మిరి. కొంతవరకు దిద్దినవి కూడ. అయితే నేడున్నదానిని చూచి రేపటిదానిని చదివితిమని తలంచు తప్పిదమును అంకెలును దిద్దలేవు.

మైక్ పియాజా విషయమున పక్షపాతమే సహాయము చేసినదని చెప్పుదురు. 1988లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు 62వ దఫాలో, 1390వ స్థానమున, అతనిని తీసికొనెను. అతని తండ్రికి ఆ జట్టు మేనేజరైన టామీ లసోర్డా స్నేహితుడు. ఆ స్నేహము నిమిత్తమే ఆ పేరు పిలువబడెను. తరువాత ఆ యువకుడు క్యాచరు స్థానమును నేర్చుకొనెను. దానికొరకు డొమినికన్ రిపబ్లిక్‌లోని డాడ్జర్స్ శిక్షణాలయమునకు వెళ్లి, భాష తెలియనివారి మధ్య పాటుపడెను. 1993లో ఆ లీగు నూతన క్రీడాకారులలో ఉత్తముడుగా ఎంచబడెను. అతడు కొట్టిన 427 హోంరన్లలో 396 క్యాచరుగా ఆడుచు కొట్టినవి. అంతకుమించి కొట్టిన క్యాచరు మరియొకడు లేడు. 2016లో అతనికిని ప్రఖ్యాతుల మందిరమున స్థానము లభించెను. ఇక్కడ ఒక సంగతి స్పష్టము. లసోర్డా ఒక తలుపు తెరచెను. లోపల జరిగినదానిని అతడు వ్రాయలేదు. వ్రాయుటకు అతనికి శక్తియు లేదు. ఆ శక్తి లేకపోవుటచేతనే పియాజా కొట్టిన ప్రతి హోంరన్ పియాజాదే అయినది.

అంతటి శక్తియే దొరికినయెడల ఏమగునో రాబర్ట్ కూవర్ అను అమెరికా రచయిత 1968లో ఒక నవలలో చిత్రించెను. దాని పేరు 'ద యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్'. అందు జె. హెన్రీ వా అను లెక్కలు వ్రాయు ఉద్యోగి తన గదిలో ఒంటరిగా కూర్చుండి, పాచికలు వేయుచు, ఒక కల్పిత బేస్‌బాల్ లీగును నడుపుచుండును. క్రీడాకారులకు పేర్లు పెట్టును, వంశములు కల్పించును, చరిత్ర గ్రంథములు వ్రాయును. ఒక యువ పిచ్చరుమీద అతనికి కుమారునిమీదవలె ప్రేమ కలుగును. ఒకనాడు పాచికలు తిరుగబడి, నియమము ప్రకారము, ఆ యువకుడు బంతి తగిలి చనిపోవలెనని వచ్చును. నియమమును మన్నించి హెన్రీ అతనిని చావనిచ్చును. కాని ఆ దుఃఖమును భరింపలేక, తరువాత ఒక ఆటలో, ఆ బంతి విసరిన పిచ్చరు కూడ చచ్చునట్లు పాచికలను తన చేతితో త్రిప్పి పెట్టును. పాచికను వేయుటకును పెట్టుటకును మధ్య జానెడు దూరము లేదు. కాని ఆ దూరమును దాటిన పిమ్మట హెన్రీ ఆటనాడువాడు కాడు. చివరి అధ్యాయములో అతడు కనబడనే కనబడడు. అతడు చేసిన జనులు మాత్రము తమ ఉనికినిగూర్చి సందేహించుచు, పూర్వపు మరణములను ఉత్సవముగా ఆచరించుచుందురు. తాను సృజించినదానిని పూర్తిగా తన వశము చేసికొనబోయినవాడు దానిని పోగొట్టుకొనునని ఈ కథవలన గ్రహింపవచ్చును.

ఇక మూడవవాని సంగతి. 'ఔట్ ఆఫ్ ద పార్క్' ఆటలో ఒక విచిత్రమైన అమరిక కలదు. ప్రతిభ మారుటలో యాదృచ్ఛికత ఎంత యుండవలెనో ఆడించువాడే నిర్ణయింపవచ్చును. సాధారణముగా అది 100 వద్ద నుండును. దానిని మిక్కిలి తగ్గించినయెడల, డ్రాఫ్టునాడు యువకునికి వ్రాయబడిన భావి సామర్థ్యము ఇంచుమించు అట్లే నిలుచును. దానిని పెంచినయెడల, ఎవరును లక్ష్యపెట్టని యువకుడు ఇరువదియైదవయేట అకస్మాత్తుగా వికసింపవచ్చును. అందరు పొగడినవాడు వాడిపోవచ్చును. స్కౌట్ల అంచనాలు ఎంత తప్పు కావచ్చునో కూడ నిర్ణయించుకొనవచ్చును. కోరినచో స్కౌట్లను తొలగించి యథార్థమైన అంకెలనే చూడవచ్చును. మూడవవాడు దీనికి విరుద్ధముగా ప్రవర్తించును. అతడు యంత్రము పుట్టించిన యువకునికి పేరు మార్చును, ఊరు మార్చును, కాని అంకెల పుటను తెరువడు. తెరచి చూచు అధికారము తనకున్నను చూడడు. యాదృచ్ఛికతను తగ్గింపడు. అతడు తలుపు తెరచి ప్రక్కకు తొలగువాడు. అధికారముండియు దానిని వినియోగింపకుండుట బలహీనత కాదు. అధికారమునకు ఒక ఉత్తమమైన వినియోగము అదియే.

ఈ భేదము ఆటకు వెలుపల ఎట్లు పరీక్షింపబడునో చూచుటకు ఒక సందర్భమును ఊహింపవచ్చును. టెక్సాసులో నివసించు ఒక తండ్రి తన పదునాలుగేండ్ల కుమారుని పేరును ఆట జాబితాలో చేర్చెననుకొందురు గాక. అతడు తెలుగువాడైనను కావచ్చును; ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు అనేకములు స్థిరపడినవి, వారి పిల్లలకు ఆ దేశపు ఆటలే అలవాటైనవి. కుమారుడు ప్రక్కకు వచ్చి, "నాన్నా, నాకెంత వేశావు?" అని అడుగును. 80 అని చెప్పినయెడల అది అబద్ధమని బాలునికి తెలియును. పాఠశాల జట్టులో తాను ఏ స్థానముననున్నాడో అతడెరుగును. 35 అని చెప్పినయెడల అది నేటికి సత్యమే కావచ్చును. కాని పుటలో రెండు అంకెలున్నవి. "రేపటికి ఎంత?" అని అతడు మరల అడుగును. అక్కడ తండ్రి వ్రాసినది ఏదైనను, బాలుడు దానిని ఆటలోని అంకెగా వినడు. తండ్రి హృదయములోని తీర్పుగా వినును. ఆ తీర్పు చిన్నదైనయెడల దానిని మోసికొని పెరుగును. పెద్దదైనయెడల దానికి ఋణపడి పెరుగును. మార్కుల పట్టికను, ర్యాంకును ఇంటి ద్వారమువద్దనే అడుగు అలవాటుగల కుటుంబములకు ఈ రెండు భారములును తెలియనివి కావు.

ఆ తండ్రి ఏమి చెప్పవలెను? నేటి అంకెను దాచనక్కరలేదు. "ఈనాడు నీ పరుగు బాగున్నది, నీ విసరు ఇంకను బలపడవలెను" అనుట కొలుచుట. కొలుచుటలో దోషము లేదు. గురువు కొలుచును, వైద్యుడు కొలుచును, స్కౌటు కొలుచును. కొలువకుండ శిక్షణ యిచ్చుట అసాధ్యము. కొలువనొల్లనివాడు ప్రేమించుచున్నాడనుటకు వీలులేదు. కొన్నిసార్లు అది నిర్లక్ష్యము మాత్రమే. కాని రెండవ అంకె వద్దకు వచ్చినప్పుడు, "అది నేను వ్రాయలేదు, యంత్రమునకే విడిచితిని, నేను చూడను కూడ లేదు" అని చెప్పగలిగినయెడల ఆ తండ్రి సత్యమును చెప్పినవాడగును, కుమారుని గౌరవించినవాడును అగును. "నాకు తెలియదు" అను మాట పెద్దల నోట పిల్లలకు సామాన్యముగా నిరాశ కలిగించును. ఈ ఒక్క విషయమున మాత్రము అదియే నిరీక్షణ కలిగించు మాట.

భారతదేశమునకు సంబంధించిన ఒక దృష్టాంతము ఇచ్చట చెప్పదగియున్నది. 2008లో అమెరికన్లు కొందరు ఈ దేశమున 'మిలియన్ డాలర్ ఆర్మ్' అను పోటీ నడిపిరి. బంతిని ఎవరు మిక్కిలి వేగముగాను గురి తప్పకయు విసరుదురో చూచుటయే దాని ఉద్దేశము. వేలాదిమంది పాల్గొనిరి. ఉత్తరప్రదేశమునకు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను ఇరువురు యువకులు ఎంపికైరి. వారు ఈటె విసరుట అభ్యసించినవారు. బేస్‌బాల్ ఆట వారికి తెలియదు. వేగమును కొలుచు పరికరము చూపిన అంకె వారిని సముద్రము దాటించెను. అదే సంవత్సరము పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వారితో ఒప్పందము చేసికొనెను. అమెరికా వృత్తి బేస్‌బాల్ జట్టుతో ఒప్పందము చేసికొన్న మొదటి భారతీయులు వారే. ఇరువురును క్రింది లీగులలో ఆడిరి. ప్రధాన లీగును చేరలేదు. పటేల్ స్వదేశమునకు తిరిగి వచ్చెను. రింకూ సింగ్ 2018లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. సంస్థలో చేరి వీర్ మహాన్ అను పేరుతో మల్లయుద్ధ ప్రదర్శకుడయ్యెను. ఈ ముగింపును ఏ పరికరమును చూపలేదు. ఆ అంకె నిరర్థకమా? కాదు, అది తలుపు తెరచెను. అది ప్రవచనమా? అదియు కాదు. తలుపు తెరచుట వరకే దాని పని.

దీనినిబట్టి మొదటి ప్రశ్నకు జవాబు దొరకుచున్నది. ఒకని భవిష్యత్తును వ్రాయు అధికారము దొరికినవాడు దానిని మార్గము తెరచుటకు వినియోగింపవలెను గాని, గమ్యమును ముద్రించుటకు వినియోగింపరాదు. ఆటలో ఈ నియమమును మీరినవానికి శిక్ష లేదు. ఆట చప్పబడుట యొక్కటే దాని ఫలితము. జీవితములో మీరినవానికి కూడ తరచుగా శిక్ష కనబడదు. శిక్షను అనుభవించువాడు వేరొకడు: నీవు ఇంతవాడవేయని చిన్ననాడు వినినవాడు.

వీడియో ఆటలను నడుపువారు తమ యువకులకు పేర్లు పెట్టుకొందురు గాక. ఊహలో ఊళ్లను కట్టుకొని, వారి విజయములను లెక్కించుకొందురు గాక. అందులో నిర్దోషమైన ఆనందము కలదు. అయితే ఆ పుటను మూసివేసి లేచినప్పుడు, ఎదుట నిలిచిన బాలుడు పుట కాడని జ్ఞాపకముంచుకొనుట అవసరము. అతని మొదటి అంకెను అడుగువారు అనేకులున్నారు. ఉపాధ్యాయులు, శిక్షకులు, పరీక్షాధికారులు ఆ పని చేయుచునే యుందురు. అతని రెండవ అంకెను ఖాళీగా ఉంచగలవారు కొందరే. ఆ కొందరిలో అతని యింటివారు ఉండవలెను.